ఓబులేసు చేన్లో పరిగె

సోమవారం

ఓబులేసు చేనుకు ముళ్లకంప అడ్డం పెట్టాడు. శనక్కాయ పీకేసి, చెట్టంతా ఇంటికి తోలుకున్నాక కూడా! తెగి మట్టిలో మిగిలిన కాయను పరిగె అంటాం. ఎవరైనా ఏరుకోవచ్చు, మా ఊళ్లో ఎప్పుడూ అంతే. ఈ ఏడు కూలోళ్లను పెట్టి అదీ వాడే ఏరిస్తాడంట.

"వాన లేక నాకే గిట్టలేదు మామా. ఎవురూ నా చేన్లో కాలు పెట్టగూడదు."

"ఒంటి కాలితో వస్తాలే అల్లుడా."

నవ్వలేదు. వెధవ.

మంగళవారం

మా చేను నిలువునా ఎండింది. విత్తనానికి గింజ లేదు. పరిగె దొరక్కపోతే వచ్చే ఏడు చేను బీడే.

నా పెండ్లాం సుంకమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. నా మొహం చూడకుండానే — "పోవాకయ్యా. దొంగంటాడు."

"నువ్వేరేది గూడా దొంగతనమేనేమో. రాళ్లు పోయినాయని బియ్యం అమ్మిన అంగడాయప్ప కేసు పెడతాడు, చూస్కో."

చేట ఎత్తింది. నేను వాకిట్లోకి.

బుధవారం

తాడిపత్రి నుంచి మనవరాలి ఫోను, సుంకమ్మ చెప్పినట్టుంది. "ఈ వయసులో పరిగేంది తాతా, సిగ్గుగా ఉండాది."

"సిగ్గును మూడో తరగతిలోనే వదిలేసినా మే, బడితో పాటు."

పెట్టేశాక అదే ఆలోచన. ఏరడమంటే ఏమి? పీకేది, కోసేది సొంతగాడి పని. ఏరేది మిగిలినదాన్ని. నడుము వంచాలి... ఒక్కొక్కటే చేతికి తీసుకోవాలి... పట్టపగలు అందరికీ కనబడాలి. మా నాయన బూడిదలో ఎముకలు ఏరినప్పుడూ ఇట్లే వంగాను. దొంగ ఇంత కష్టపడతాడా?

ఓబులేసుకు చెప్పను. చూపిస్తా.

గురువారం

దొరికాడు! కూలోళ్లు రాలేదు. వాడే కంప జరిపి ఎనుమును చేన్లోకి తోలాడు, మేతకు. పశువు దిగిందంటే చేను వదిలేసినట్టే — ఊరి కట్టుబాటు. మర్చిపోయాడు. సంచి, మట్టి గీకే చిన్న పార తీసుకుని దిగాను.

"ఏయ్ మామా! యాడికి?"

"నీ ఎనుమును పలకరిద్దామని. దాన్ని పిల్సినావు, నన్ను మరిసినావు."

"అది నా ఎనుము!"

"కట్టుబాటు గూడా నీదే అల్లుడా."

"పెద్దమనుషుల్ని పిలుస్తా!"

"పిలువు. సంచి నిండినాక."

వంగాను.

శుక్రవారం

నడుము లేదు. ఉన్నా నా మాట వినడం లేదు. సుంకమ్మ తిడుతూనే వచ్చింది, కొంగు బిగించింది. ఇద్దరం ఏరుతుంటే పక్కన ఇంకో ముసలి చెయ్యి... చూస్తే లచ్చుమక్క. ఓబులేసు వాళ్లమ్మ!

"ఏమక్కా, కొడుకు చేన్లో పరిగె ఏరుకుంటాండావా?"

"ఈ చేను కొనకముందు ఈడ పరిగె ఏరి ఏరి వీన్ని సాకినా. నోరు మూసుకోని వంగప్పా."

చెప్పినట్టే చేశాను. నా జన్మలో మొదటిసారి.

గట్టు మీద ఓబులేసు. చేతిలో ఎనుము తాడు. దాన్ని బయటికి లాగితే చేను మళ్లీ మూసినట్టే. అమ్మను చూస్తాడు, తాడును చూస్తాడు. లాగలేదు. వదల్లేదు కూడా.

రేపు పెద్దమనుషులు వస్తారంట. సంచి సగమే నిండింది. ఎనుము మేస్తూనే ఉంది...