నా గ్రాఫైటు, వాడి పేరు

కాశిబుగ్గ, వరంగల్

పరకాలలో కిరాణం దుకాణాన్నీ, బావనూ ఒంటిచేత్తో ఏలుతున్న అక్కకు, తమ్ముడు రవి దండం పెట్టి రాయునది.

అంతా కులాసాయేనా? బావ దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఎండలు బాగానే ఉన్నాయి. మెస్సులో పప్పుచారు కూడా బాగానే ఉంది, అడుగున పళ్లెం కనిపిస్తోంది. తెల్లారకముందే మగ్గాల చప్పుడు లేపుతుంది. ఒంటికి ఏ లోటూ లేదు, మనసే బాగాలేదక్కా.

యూనివర్సిటీలో నా పరిశోధన పని చెప్పాను కదా. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైటు పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని పెద్ద అయస్కాంతం నడుమ పెడితే కరెంటు పారడం కష్టమవుతుంది, దాని మీద పడి తిరిగొచ్చే వెలుతురు కూడా మారుతుంది. అది కొలవాలంటే ముఖం అద్దంలా ఉండాలి. టేపు అతికించి, ఊపిరి బిగబట్టి లాగితే పై పొర లేచి అలాంటి ముఖం వస్తుంది. పొర ఎగిరిపోతుందని ఎండాకాలమంతా ఫ్యాన్ ఆపుకొని అదే చేశాను.

కొలతలు సుధాకర్, నేను కలిసి తీశాం. నా గదివాడే, మనింటికొస్తే నువ్వు నాకంటే ముందు అన్నం వడ్డించేది వాడికే. అచ్చుకు పంపే పేపర్ మీద ఇద్దరి పేర్లూ అనుకున్నాం. నిన్న సెమినార్‌లో "స్లైడ్లు నువ్వు పెట్టురా, నేను మాట్లాడ్త" అన్నాడు. పెట్టాను. వాడు తయారుచేసిన మొదటి స్లైడు మీద వాడి పేరొక్కటే. మోసాన్ని అంతేసి అక్షరాలతో గోడ మీద వేసింది నా చెయ్యే.

"శాంపిల్ ఎవరు చేసిన్రు?" అని మా గైడు సార్ అడిగారు.

"మనోడే సార్. టేపు పని మంచిగ చేస్తడు."

తర్వాత సార్ గదికి పోయి, "ఆ పనిల సగం నాది సార్" అన్నాను. పడీ పడీ నవ్వారు. "నీ జోకులకు హద్దు లేకుండ పోతాంది" అన్నారు. పోయిన నెల మా అయస్కాంతం అటెండర్ సైకిల్‌ను గుంజుకుందని సరదాకి చెబితే పాపం పరుగెత్తుకొచ్చారు, ఆ ఫలం ఇది. నిజం సార్ అంటే ఇంకా నవ్వారు.

గదికొస్తే సుధాకర్, "నీది నాది అని ఉందారా? ఫికర్ చెయ్యకు, జర అన్నం తిను" అన్నాడు. పక్కనే కూర్చొని తిన్నాను.

సోమవారం ఆ పేపర్ పోస్టులో పోతుంది. ఆలోపు మళ్లీ సార్ దగ్గరికి పోతాను. నవ్వు ముఖం పెట్టకుండా చెప్పడం అద్దం ముందు నేర్చుకుంటున్నాను.

అత్తమ్మకు, బావకు నమస్కారాలు. నన్ను దీవించేటప్పుడు, "మావోడు నిజమే చెప్తాండు" అని ఒక్కసారి పైకి అను అక్కా. ఇక్కడ ఆ మాట అనేవాళ్లు ఎవరూ లేరు.

నీ తమ్ముడు,
రవి