పిలవని చోటికి

ఫిబ్రవరి 3, సోమవారం

అబ్బాయి ప్రభాకర్‌కి బీపీ — మాత్ర వేసుకున్నాడో లేదో. కోడలు రాణి మోకాలు నిన్నటికంటే నయం. నా షుగరు సంగతి సరే. మనవరాలు స్నేహని దగ్గు తగ్గిందా అంటే తలూపింది, అంతే. కాలేజీ నుంచి వచ్చి అన్నం ముట్టలేదు. ఏమైందో...

ఫిబ్రవరి 4

చెప్పింది. తనతో చదివే రేష్మా వేసవి సెలవుల్లో విజయవాడలో రొయ్యల రోగాలు చూసే ల్యాబుకి వెళ్తోందట, పని నేర్చుకోవడానికి. ఇంటర్న్‌షిప్ అంటారట. ఆ పిల్ల కిందటేడు, కాలేజీలో చేరిన కొత్తల్లోనే ఆ ల్యాబు నడిపే మేడమ్‌ని అడిగిందట. మా స్నేహకి ఇప్పుడు రెండో ఏడు. అప్పుడే ఆలస్యమట! డిగ్రీ అయ్యాక కదా ఇవన్నీ అనుకున్నాను.

ఫిబ్రవరి 5

రొయ్యకి కూడా రోగం చూసే చదువు. ప్రభువా.

ఫిబ్రవరి 6

ప్రభాకర్ ఒప్పుకోడు. జీతం లేని చాకిరీ, చదువు పాడవుద్ది, ఆఖరేడు చూసుకుందాం — అదే మాట. స్నేహ మెల్లగా అంది. "ఆఖరేడు వెళ్తే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు నాన్నా."

ఉండబట్టలేక అన్నాను — "వరి ఆకుమడి పోసినప్పుడే మేస్త్రికి పేరు చెప్పుకునేదాన్నిరా నేను. ఊడ్పులు మొదలయ్యాక వెళ్తే వరసలో చోటేది?"

కంచం ముందు నుంచి లేచిపోయాడు. బీపీ పెరిగిందేమో. ఎందుకన్నానో.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక స్నేహ చేత మేడమ్‌కి ఫోన్ చేయించాను. ఆవిడ కోప్పడలేదు! ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నారు.

"పిలవకుండా పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లకూడదంటారండీ మా ఇంట్లో."

నవ్వారు. నాకూ వినపడింది ఆ నవ్వు. చోట్లన్నీ నిండాయట. ఒకమ్మాయి మాత్రం రాలేనందట...

"సరేనమ్మా, ఇప్పుడు పిలుస్తున్నాను. శనివారం మీ నాన్నగారిని తీసుకుని రా. ఆయన సరే అంటేనే."

ఫిబ్రవరి 10

శనివారం ఉయ్యూరులో ప్రభాకర్ స్నేహితుడి కూతురి పెళ్లి. ఇప్పుడు గుర్తొచ్చింది. అయినా మేడమ్ రమ్మన్నారని చెప్పాను. వాడు పేపరు మడిచాడు.

"పిలిచారా?"

ఔనన్నాను. మళ్లీ పేపరు విప్పాడు.

ఫిబ్రవరి 12

అదే చోటు ఇంకో ఇద్దరు పిల్లలు అడుగుతున్నారట — రేష్మా చెప్పింది.

శనివారానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేయించమన్నాడట ప్రభాకర్, రాణితో. పెళ్లికా, మేడమ్ దగ్గరికా... అడగాలంటే భయం.

శనివారం, పదిహేనో తారీఖు, పొద్దున పదింటికి రమ్మన్నారు మేడమ్.