బక్కవాడు పడిన తీరు

మంగళవారం, మాదాపూర్

ఆఫీసులో లంచ్‌కి పక్క సీటు శ్రీనన్న ఫోన్‌లో పాత రెజ్లింగ్ మ్యాచ్ పెట్టాడు. కొండలాంటి మనిషికి ఎదురుగా ఒక బక్కవాడు. చిన్నప్పుడు రెజ్లింగ్ కార్డులాటలో ఆ బక్కవాడి కార్డు నాకొస్తే ఓడినట్టే, ఏడుపొచ్చేది.

"చిన్నోన్ని చూడు. వాడు గట్ల ఎగిరి పడకుంటే పెద్దోనికి ఎవడు భయపడ్తడు?" అన్నాడు అన్న.

నిజమే. పెద్దవాడు చెయ్యి ఊపాడంతే, మ్యాచంతా ఆడింది బక్కవాడే. మురిసిపోయాను.

మూడింటికి క్లయింట్ కాల్‌లో మా టీమ్ లీడ్ జవాబు తెలియక తడబడ్డాడు. నాది కాకపోయినా, ఆయనకు వివరాలివ్వని తప్పు నాదేనని నేనే అనేశాను. ఆయన అందరి ముందూ నన్ను దులిపేసి పెద్దమనిషి అనిపించుకున్నాడు.

"మంచిగ పడ్డవ్ రా," అన్నాడు శ్రీనన్న. మెచ్చుకున్నాడా, తిట్టాడా?

రింగులో ఎవరు పడాలో ముందే మాట్లాడుకుంటారట. నాతో ఎవరూ మాట్లాడలేదు. మరి నేనెందుకు పడ్డాను?