గోడ అవతల డెనీస్

గురువారం, అల్ఫారెట్టా, అమెరికా

ఈ సాయంత్రం పక్క అపార్ట్‌మెంట్‌లో డెనీస్ తలను ఆమె భర్త గోడకేసి కొట్టాడు. రెండుసార్లు. మా గోడ అదిరింది. అతను కారెక్కి వెళ్ళగానే పరుగెత్తాను. ఆమె పెదవి చీలి, గడ్డం నిండా రక్తం. 911కి కాల్ చేయబోతే ఫోన్ లాక్కుంది.

"వద్దు హనీ. పోలీసులకు ముందు కనబడేది వాడి నల్ల రంగే. వాణ్ణి షూట్ చేస్తే పిల్లలకి ఏం చెప్పను?"

"మరి వాడు నిన్ను చంపితే?"

డెనీస్ తన చర్చి పెద్దావిడకు ఫోన్ చేసింది. "ఈ రాత్రికి మీ ఇంటికి రానా?"

ఆవిడ స్పీకర్‌లోనే ప్రార్థన చేసి, "ఇంటి సంగతి బయటపెట్టకమ్మా, ఓర్చుకో" అంది.

రేపు కాలేజీ క్లాసులో ఇవ్వాల్సిన వ్యాసంలో, ఇలా దెబ్బలు తినే ఆడవాళ్ళు సాయం అడగరని ఎంతో అందంగా రాసుకున్నాను. ఆ వాక్యం కొట్టేశాను. డెనీస్ నా ఎదుటే అడిగింది. మా ఇంటికి రమ్మని నేనూ అనలేదు.