అమ్మ తివైవై మీద పసుపు చీటీ

మాంగెరే, ఆక్లండ్,
జూలై 9.

చెల్లెలు మెరియానాకు,

కియా ఒరానా. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం ఉన్నాం. అమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. రెండు చెంచాల సూప్ తాగుతోంది, ఆదివారం పాటలకు గొంతు కలుపుతోంది. ఇంక ఎన్నాళ్లో ఉండదని డాక్టరు చెప్పాడు. మర్యాదలు అయిపోయాయి. ఇక నీ సంగతి.

నిన్న జన్మలో మొదటిసారి పాత సామాన్ల దుకాణానికి వెళ్లాను. ఒకరు విడిచిన బట్ట ముట్టనని ఇన్నేళ్లూ గొప్పలు పోయినదాన్ని. చలికి అమ్మకు ఉన్ని కోటు కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. నీ పరువేమైనా వెచ్చగా ఉంటుందటే, పద పద అంటూ పక్కింటి లోసె చెయ్యి పట్టి లాక్కెళ్లింది.

అబ్బో, అది దుకాణమా! మన చర్చి హాళ్లు నాలుగు పడతాయి అందులో. చొక్కాలన్నీ రంగుల వారీగా వేలాడుతున్నాయి. టీకప్పులు, పెళ్లి గౌన్లు, ఎవరి కాళ్లవో స్కేట్లు. నిన్న పసుపు చీటీ ఉన్నవన్నీ సగం ధర. కోటు దొరికింది. నిజం చెప్పొద్దూ, సరదాగానే ఉంది. ఇప్పుడు నిన్ను ఇంటికి లాక్కెళ్లడం కష్టమే తల్లీ అని లోసె ఎగతాళి చేసింది.

దుప్పట్ల వరసలో నా కాళ్లు ఆగిపోయాయి. లోపలిది కనపడే ప్లాస్టిక్ సంచి. అందులో అమ్మ చేత్తో కుట్టిన తివైవై దుప్పటి. తెల్ల గుడ్డ మీద ఎర్ర మందారాలు, ఒక ఆకు వంకర. తొమ్మిదేళ్లప్పుడు నువ్వు కుట్టిన ఆకు! కుట్టేందుకు కూర్చున్న ఆడవాళ్లంతా విప్పేయమంటే, ఉండనివ్వండే, అది నా పిల్ల చెయ్యి అంది అమ్మ. దాని మీద పసుపు చీటీ.

నువ్వు మనిషివేనా? పోయాక తనను ఆ తివైవైలోనే చుట్టి మట్టిలో పెట్టమని అమ్మ మనిద్దరి చేతా ఒట్టు వేయించుకుంది. దాచమని నీకిచ్చింది. నాకు కాదు, నీకు! ఫిబ్రవరిలో మనురేవా ఇల్లు ఖాళీ చేసి బ్రిస్బేన్ పోతూ, పాత చెప్పులతో పాటు దాన్నీ వదిలించుకున్నావా? అమ్మకు బాగాలేదని తెలిసీ పోయావు. పోతూ పోతూ మెతువా అన్నయ్య చేత నాకో మూట పంపావు, పాత గళ్ల దుప్పటి చుట్టి! మీ ఇంటి చింకి దుప్పట్లు తప్ప నాకింకేం పంపుతావు? విప్పి కూడా చూడలేదు.

కౌంటరులో ముసలావిడ, మంచిది ఏరుకున్నావమ్మా, సోఫా మీదికి భలే ఉంటుంది అంది. సోఫా మీదికి! మూడేళ్లు కళ్లు పోగొట్టుకుని కుట్టింది అమ్మ. ఆవిడను ఏమీ అనలేక బయటికొచ్చి లోసె భుజం మీద ఏడ్చాను. అదంతా నీ మీద కోపమే.

తివైవై ఏదే అని అమ్మ రోజూ అడుగుతోంది. చిన్నది జాగ్రత్త గల పిల్ల, దాచే ఉంటుందిలే అని తనే జవాబు చెప్పుకుంటోంది. అమ్మ పోయినప్పుడు నువ్వు రావద్దు. వచ్చినా దాని అంచు పట్టుకోనివ్వను.

ఒకప్పటి నీ అక్క,
తెపాయెరు

తా.క. కవరు అంటించే ముందు అమ్మకు చూపిద్దామని సంచి విప్పాను. మడతల్లో గుండుసూదితో గుచ్చిన కాగితం, నీ చేతిరాత. అమ్మ అక్క దగ్గరుంది కాబట్టి ఇదీ అక్క దగ్గరే ఉండాలని, ఎండ తగలకుండా మన పద్ధతిలోనే పాత దుప్పట్లో చుట్టానని, కోపం తగ్గాక ఫోన్ చెయ్యమని రాశావు. ఈస్టర్‌కు ఇల్లు సర్దుతూ ఆ మూటను ఆ దుకాణం వాళ్ల దానం బండిలోకి విసిరింది నేనే, మెరియానా. విప్పకుండా, నా చేత్తో నేనే. పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. చింపను. నేనెలాంటిదాన్నో నీకు తెలియాలి. అమ్మ ఆ వంకర ఆకును తడుముతూ నిద్రపోయింది. త్వరగా రా. నేనొక్కదాన్నే రెండంచులూ పట్టుకోలేను.