వంజరం చేపలు రాని పెళ్ళి విందు

కల్సోమ్ అక్కకు, నీ కోపానికి జడిసి దూరంగా కూర్చున్న తమ్ముడు రాస్తున్నది.

నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి కాగితం పట్టాను. మేనకోడలు మెలాతి పెళ్ళి విందుకు వంజరం చేపలు తెస్తానని మాటిచ్చి, సాయంత్రం ఖాళీ పడవతో వచ్చిన మాట నిజమే. జరిగింది చెప్పేలోగానే నువ్వు తలుపు వేసేశావు.

సింగపూర్ రేవులో చోటు దొరకని ఓడలన్నీ మన జోహోర్ జలసంధి మొగలో లంగరు వేసుకుని కూర్చున్నాయి. పట్టిన చేపలతో వాటిని చుట్టి వస్తుంటే, అటు సింగపూరూ ఇటు మన దేశమూ తమదంటున్న చోట నా ఇంజను ఆగిపోయింది. వెంటనే రెండు గస్తీ పడవలు వచ్చాయి.

"ఇది మా సముద్రం, బయటికి పో!" అని అటువాళ్ళు మైకులో అరిచారు.

"ఇది మనదే పెద్దాయనా, అంగుళం కదలకు!" అని మనవాళ్ళు అరిచారు.

"కదలాలన్నా కదల్లేను నాయనా. ఎవరో ఒకరు తాడేసి లాగండి," అన్నాను.

"వాళ్ళదంటున్నారుగా, వాళ్ళనే లాగమను," అని ఇద్దరూ ఒకే మాట అన్నారు.

ఎండకు ఐసు కరిగిపోతోంది. అప్పుడు పక్క ఓడ మీంచి ఫిలిప్పీన్స్ వంటవాడు తొంగిచూశాడు.

"బాబాయ్, అవి తాజా చేపలేనా? మూడు వారాలుగా డబ్బా చేపలే తింటున్నాం," అన్నాడు, ఏడుపొక్కటే తక్కువ.

పాడైపోయేకంటే మేలని బుట్టలన్నీ పైకి పంపాను. "మా మేనకోడలి పెళ్ళి విందిది, కడుపునిండా తినండి," అన్నాను. వాళ్ళ మెకానిక్ దిగి వచ్చి ఇంజను బాగుచేశాడు.

అక్కా, అతిథులకు గుడ్ల కూరతో సరిపెట్టావని విన్నాను. తప్పు నాదే, తిట్టు. కానీ ఒక్కటి చెప్పు. ఆ మధ్యాహ్నం సముద్రం వైపునుంచి చాలాసేపు ఓడ కూత వినిపించలేదూ? పెళ్ళికూతురి పేరడిగి మరీ మోగించారు. అది మన మెలాతికే.