అన్న కోసం కాగిన నీళ్లు

గురువారం, రాత్రి

పొలం గెట్టు కొట్లాటల అన్నకు శిక్ష పడ్డది గద, మేమేసిన అప్పీలును హైకోర్టు తీసుకున్నదని పొద్దుగాల వకీలు సారు ఫోన్ చేసిండు. అమ్మకు గదే మాట చెప్పి ఎయిర్‌పోర్ట్‌ల డ్యూటీకి పోయిన. పొద్దుమూకినంక మా ఊరు పాల్మాకులకొస్తే, వాకిట్ల కట్టెల పొయ్యి మీద కాగు నిండ నీళ్లు మసులుతున్నయి. జైలు నుంచి వచ్చినోడు తానం చేయంది గడప తొక్కొద్దంట. అన్న విడుదలైండనుకున్నది, పిచ్చి తల్లి!

"కాదమ్మా, ఇగ విచారణ చేస్తరు, అంతే. కేసు మొత్తం కొట్టేసేది తక్కువేనంట, కొందరికి శిక్ష తగ్గుతదంట" అని చెప్పిన. తీర్పు ఎన్నేండ్లకొస్తదో సారుకే తెల్వదు.

చిన్నప్పుడు అన్న, నేను కొత్వాల్‌గూడ దిక్కు విమానాలు చూడబోయి, ఒళ్లంత దుమ్ముతోని వస్తే ఇదే కాగు, ఇదే వాకిలి. "ముందుగాల చెల్లె పోసుకోనియ్యి" అని అన్న చలికి వణుక్కుంట కూసునేటోడు.

అమ్మ పొయ్యిలకెళ్లి కట్టెలు ఎనకకు గుంజింది. "సల్లారిపోతయి, నువ్వన్న పోసుకో బిడ్డా" అన్నది.

పోసుకున్న. తల తుడుసుకుంట కాగుల చూస్తే, ఎప్పటిలెక్కనే అన్నకు సగం నీళ్లు ఉంచిన.